తండా బడుల పిల్లలకు బూట్లు: కొలతలు ఎట్లా తీయాలి, పాతవాటిలో ఏవి పనికొస్తాయి?

దిండి_వాగు:

అన్నలకు, అక్కలకు నమస్తే. నల్గొండ జిల్లా చందంపేట మండలంలో మూడు తండాల ప్రాథమిక బడులు, ఒకటి నుంచి ఐదో తరగతి దాకా మొత్తం 140 మంది పిల్లలు. హైదరాబాద్‌లో కొన్ని అపార్ట్‌మెంట్లలో అడిగితే 210 జతలు జమైనయి. కొత్తవి ఓ ముప్పై ఉంటాయి, మిగతావన్నీ వాడినవే. ఇచ్చినవాళ్లు సంచుల మీద "ఏడేళ్ల బాబు", "నాలుగో తరగతి పాప" అని రాశారు. బూటు అడుగున చూస్తే ఒకదాని మీద 32, ఒకదాని మీద 13, ఇంకోదాని మీద 1 అని ఉంది.

పిల్లల వయసు లిస్టు పెద్దసారు ఇస్తానన్నారు. దాన్ని బట్టి జతలు విడదీసి, ఆగస్టు 15న జెండా వందనం కాగానే పంచుదామని ఆలోచన. ఇట్లా చేస్తే సరిపోతుందా? వాడినవాటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి? సాక్సులు కూడా కొనాలా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బడి_మెట్లు:

తమ్మీ, వయసు లిస్టుతో మాత్రం మొదలుపెట్టకు. ఒకే ఏడు పుట్టిన ఇద్దరు పిల్లల పాదాల మధ్య రెండు సెంటీమీటర్ల తేడా మామూలే. అంటే రెండు నంబర్లకు పైనే. ముందు పాదం కొలవాలి, తర్వాత దానికి జత వెతకాలి.

బూటు మీది నంబర్ల సంగతి. మన షాపుల్లో ఎక్కువగా నడిచేది బ్రిటిష్ నంబరు. నంబరుకూ నంబరుకూ మధ్య అంగుళంలో మూడో వంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. పిల్లల నంబర్లు 13 దాకా పోయి మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. కాబట్టి నీ దగ్గరున్న 1 నంబరు జత 13 కంటే పెద్దది కావచ్చు, చంటిపాపదైనా కావచ్చు. 32 అనేది యూరప్ నంబరు, అక్కడ మెట్టుకు 6.7 మిల్లీమీటర్లు. విదేశాల నుంచి వచ్చిన జతలుంటే అమెరికా నంబరు కూడా తగులుతుంది, అది మనదానికంటే ఇంచుమించు ఒకటి ఎక్కువ. పైగా ఒకే నంబరు రెండు కంపెనీల్లో ఒకేలా ఉండదు. ఇవన్నీ పక్కన పెట్టి, ప్రతి బూటు లోపలి పొడవు సెంటీమీటర్లలో కొలిచి, ఆ అంకె రాసిన చీటీని జతకు అంటించు. ఇకమీదట జతకు అదే పేరు.

పాదం కింద ఉండే లోపలి అట్ట (ఇన్‌సోల్) ఊడివచ్చే రకమైతే దాన్ని తీసి కొలిస్తే చాలు. రాకపోతే గట్టి అట్టముక్కను వేలు వెడల్పున కత్తిరించి, ఒక కొసను గుండ్రంగా చేసి బూటు ముక్కు దాకా తోసి, మడమ తగిలేచోట గోటితో మడత పెట్టి బయటికి తీసి స్కేలు మీద చూడు. దర్జీ టేపు లోపల ముడుచుకుపోయి ఎక్కువ చూపిస్తుంది, దాంతో కొలవొద్దు.

ఇప్పుడు పాదం. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. నేల మీద తెల్లకాగితం పెట్టి దాని అంచు గోడకు ఆనించాలి. పిల్ల మడమ గోడకు తాకుతూ నిలబడాలి, బరువు రెండు కాళ్ల మీద సమంగా ఉండాలి. కూర్చోబెట్టి కొలిస్తే పాదం పొట్టిగా వస్తుంది. అన్నిటికంటే పొడుగ్గా ఉన్న వేలు ముందు గీత పెట్టాలి. కొందరికి బొటనవేలు కాదు, రెండో వేలు పొడుగు. పెన్ను నిటారుగా ఉండాలి, వేలి కిందికి వాల్చితే మూడు నాలుగు మిల్లీమీటర్లు తక్కువ పడుతుంది, బయటికి వాల్చితే అంతే ఎక్కువ. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్నే లెక్కలోకి తీసుకో. చిన్న పిల్లలు కొత్తవాళ్లను చూస్తే వేళ్లు ముడుచుకుంటారు. పాదం పైభాగం మీద అరచేతితో మెల్లగా నొక్కితే వేళ్లు చాపుతారు. ఒకటో తరగతి పిల్లలకు ఇంట్లో మాట లంబాడీ కాబట్టి, ఐదో తరగతి పాపనో బాబునో పక్కన పెట్టుకుంటే "నిటారుగా నిలబడు" అన్న ముక్క తేలిగ్గా అర్థమవుతుంది. కొలతలు మధ్యాహ్న భోజనం తర్వాత తీయి, పొద్దున కంటే సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది.

లోపలి పొడవు పాదం కంటే ఎంత ఎక్కువుండాలి? కనీసం 0.7, గరిష్ఠం 1.5 సెంటీమీటర్లు. ఈ రెండింటి మధ్య దూరం దాదాపు ఒక నంబరు మెట్టుకు సమానం కాబట్టి ఇంచుమించు ప్రతి పాదానికీ ఏదో ఒక పూర్తి నంబరు కుదురుతుంది. ఉదాహరణకు పాదం 17.5 ఉంటే లోపల 18.2 నుంచి 19 దాకా కావాలి. అది సాధారణంగా పిల్లల 10 నంబరు. పాదం 20 అయితే 13 నంబరు దగ్గర పడుతుంది. "వచ్చే ఏడు కూడా వేసుకుంటాడు" అని రెండు నంబర్లు పెద్దది ఇస్తే మడమ జారుతుంది, పిల్ల పరుగెత్తితే తట్టుకుని పడుతుంది, నాలుగో రోజుకు ఆ బూటు ఇంట్లో మూలకు పోతుంది.

లిస్టులో పేరు, తరగతి, ఎడమ, కుడి, కావాల్సిన లోపలి పొడవు, ఈ ఐదు గళ్లు చాలు. ఇద్దరు కొలిచి ఒకరు రాస్తే ఒక బడి ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. జూన్‌లో బడిబాట అయి చేరికలు నిలకడయ్యాక, జూలై రెండో సగంలో కొలువు. కొలిచిన నెల రోజుల లోపే ఇచ్చేయి, రెండు మూడు నెలలు దాటితే మళ్లీ కొలవాల్సిందే.

ఆరె_సుత్తె:

పాత జతల గురించి చెప్తా. 180 పాతవాటిలో సగం తీసేయాల్సి వస్తే బాధపడకు. పనికిరాని బూటును తండా దాకా మోసుకుపోయి ఇస్తే, అక్కడ దాన్ని పారేసే పని కూడా ఆ పిల్ల తల్లి నెత్తినే పడుతుంది.

ముందు సోలు చూడు. చాలామందికి తెలియంది ఏందంటే, అల్మారాలో నాలుగైదేళ్లు పడున్న, చూడ్డానికి కొత్తగా మెరిసే బూటే ముందు పోతుంది. బరువు తక్కువుండే పాలీయురేథేన్ సోలు, అదే పీయూ అంటరు, గాలిలోని తేమకు లోపల్లోపల కరిగిపోతుంది. వాడకపోయినా పోతుంది. సోలు పక్కగోడను బొటనవేలి గోటితో గట్టిగా నొక్కు. గుంట పడి లేవకపోయినా, వేలికి జిగటగా తగిలినా, పొడి రాలినా అది చచ్చిన సోలు. ఎంత పశ, అంటే అతికించే బంక, పెట్టినా అతకదు, ఎందుకంటే పశ పట్టుకునే పొరే ఊడివస్తుంది. రబ్బరు, పీవీసీ సోళ్లకు ఈ రోగం లేదు.

రెండోది, చదునైన బల్ల మీద రెండు బూట్లూ పెట్టి వెనక నుంచి చూడు. ఒకవైపుకి వాలితే తీసెయ్యి. ఆ అరుగుదల ముందు వేసుకున్న పిల్లగాని నడకది, ఈ పిల్ల కాలును కూడా అటే గుంజుతుంది. మూడోది, మడమ గోడను వేళ్లతో పిండు. గట్టిగా నిలబడాలె. తొక్కి తొక్కి చెప్పులెక్క వాడినవైతే ఆ అట్ట విరిగి ఉంటది, లోపల కొస గుచ్చుకుని మడమ మీద పుండు చేస్తుంది. నాలుగోది, బూటును వంచితే వేళ్ల మొదట్లో వంగాలె, నడుమ కాదు.

ఇవన్నీ దాటినవాటికి సోలు అంచు కొంచెం నోరు తెరిచి ఉంటే బాగుచేయొచ్చు. మట్టి పూర్తిగా కడిగి ఒక రోజు ఆరనియ్యి. రెండు వైపులా గరుకు కాగితంతో రుద్దు, పాత పశ మెరుపు పోవాలె. సింథటిక్ రబ్బరు పశ, ఫెవికాల్ ఎస్‌ఆర్ లాంటిది, రెండు వైపులా పల్చగా రాయి. రాయంగనే అతికించొద్దు. పది పదిహేను నిమిషాలు ఆగి, వేలు పెడితే తడి అంటకుండా జిగురు మాత్రమే తగిలినప్పుడు గట్టిగా అదుము. పాత సైకిల్ ట్యూబు ముక్కతో ముక్కు నుంచి మడమ దాకా బిగించి చుట్టి రాత్రంతా ఉంచు. సోలు చుట్టూ కుట్టు కావాలంటే దేవరకొండలో చెప్పులు కుట్టేటాయనకు పది పది జతలుగా ఇచ్చి, జతకింత అని మాట్లాడుకుని డబ్బులిచ్చి చేయించు. దానం పని కదా అని ఆయన కూలి తగ్గించమని అడగొద్దు.

లోపలి అట్టలు అన్నీ పీకి పారెయ్యి, ఎంత శుభ్రంగా కనబడ్డా సరే. చెమట, ఫంగస్ ఉండేది వాటిలోనే. మూడు నాలుగు మిల్లీమీటర్ల ఈవీఏ షీటు, అంటే మెత్తటి ఫోమ్ షీటు, తెచ్చి పాత అట్టనే నమూనాగా పెట్టుకుని కత్తిరిస్తే కొత్త అట్ట తయారు. బట్ట బూట్లు సర్ఫు నీళ్లలో బ్రష్షుతో ఉతుకు. తోలువి తడిబట్టతో తుడువు, నానబెట్టొద్దు. లోపల పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టి, పేపరు తడవగానే మార్చు. మిద్దె మీద ఎండలో పెడితే పశ మెత్తబడి, అతికినవి కూడా నోరు తెరుస్తాయి. లోపల నల్ల బూజు చుక్కలుంటే కడగడం కూడా దండగ.

లోపలి పొడవు కొలిచేది కొత్త అట్ట వేసినంక. లేకపోతే చీటీ మీది లెక్క తప్పుతది.

నల్లమల_అంచు:

పై ఇద్దరూ చెప్పింది సరైనదే. కానీ అసలు బూట్లే ఎందుకు అన్నది ఎవరూ అడగలేదు. చందంపేట, నేరేడుగొమ్ము వైపు తండాల నుంచి బడికి దారి చెల్క గట్ల మీద, సర్కారు తుమ్మ కంపల పక్క నుంచి. బడి ముందు పిల్లలు చెప్పులు విడిచి లోపలికి పోతారు, భోజనానికి వేసుకుంటారు, మళ్లీ విడుస్తారు. లేసులు కట్టే బూటుకు ఆరేళ్ల పిల్ల రోజుకు నాలుగైదు సార్లు కూర్చోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. తడిసిన బట్ట బూటు ఆరడానికి రెండు రోజులు పడుతుంది, ఇంకో జత లేని పిల్ల ఆ రెండు రోజులూ ఉత్త కాళ్లతోనే వస్తుంది. తడి సాక్సు వేసుకుని పొద్దంతా కూర్చుంటే వేళ్ల సందులు పాసిపోతాయి.

నా మాట వింటే ఒకటి, రెండు, మూడు తరగతులకు వెనక పట్టీ ఉన్న వెల్క్రో సాండిల్స్ ఇవ్వండి. సోలు రబ్బరుదై, కనీసం సెంటీమీటరు మందం ఉండాలి. హవాయి చెప్పు వద్దు. సర్కారు తుమ్మ ముల్లు మెత్తటి సోలులో నుంచి నేరుగా దిగుతుంది. అంతకంటే ప్రమాదం, ముల్లు విరిగి కొస సోలులోనే మిగిలిపోవడం. బయటికి కనబడదు, బరువు పడ్డప్పుడల్లా పొడుస్తుంది. మీ దగ్గరున్న వాడిన జతల్లో చెయ్యి పెట్టి అట్ట అంతా వేలితో తడమండి. గరుకు తగిలితే సోలును వెనక్కి వంచి పట్టుకారుతో కొసను లాగాలి. పిల్లలకూ, టీచర్లకూ ఇదే పని చూపించి రావాలి, పల్లేరు కాయల కాలంలో వారానికోసారి చూసుకోవాలని.

నాలుగు, ఐదు తరగతులకు బూట్లు సరే, కానీ ముక్కు వెడల్పున్నవి. చెప్పుల్లేకుండా తిరిగే పిల్లల పాదం వేళ్ల దగ్గర వెడల్పుగా విచ్చుకుని ఉంటుంది. పట్నం పిల్లలు వాడిన సన్నముక్కు బూట్లు, ముఖ్యంగా ఆడపిల్లల బెల్లీ షూలు, పొడవు సరిపోయినా చిటికెన వేలిని నొక్కేస్తాయి. కాగితం మీద పాదం చుట్టూ గీత గీసి, ఆ బొమ్మ మీద బూటు అట్ట పెట్టండి. వేళ్ల దగ్గర అట్ట అంచు దాటి గీత అర సెంటీమీటరు బయటికి వస్తే ఆ జత వద్దు.

సాక్సుల విషయం: బూటు ఇస్తే మనిషికి రెండు జతల నూలు సాక్సులు తప్పనిసరి. సాండిల్స్‌కు అక్కర్లేదు, ఆ డబ్బు మంచి సోలుకు పెట్టండి.

ఈ పని ఎవరైనా అమ్రాబాద్ వైపు చెంచు పెంటల్లో (చెంచుల గూడేల్లో) కూడా చేద్దామనుకుంటే, లోపలి పెంటలు పులుల అభయారణ్యంలో ఉన్నాయి, అటవీశాఖ అనుమతి లేకుండా బండి వేసుకుని పోకూడదు. మన్ననూరు ఐటీడీఏ (గిరిజన అభివృద్ధి సంస్థ) ద్వారా, అక్కడి టీచర్ల ద్వారా అడగడమే దారి.

దిండి_వాగు:

చాలా థాంక్స్. నంబర్ల గోల ఇప్పుడు అర్థమైంది. ఒక సందేహం. ఇచ్చే రోజు ఎట్లా చేయాలి? 140 మందికి ఒకేసారి అంటే గందరగోళం అవుతుందేమో. కొలతలు అయ్యాక కొందరికి నా దగ్గరి జతలు సరిపోకపోతే వాళ్లను తర్వాత విడతలో పెట్టొచ్చా?

పానగల్లు_అక్క:

తర్వాత విడత వద్దు తమ్ముడూ. ఒక తరగతిలో ఇరవై మందికి ఇచ్చి నలుగురికి లేదంటే ఆ నలుగురూ ఆ రోజు ఇంటికి ఏ ముఖంతో పోతారు? మొత్తం తరగతికి జతలు సిద్ధమైతేనే ఆ తరగతికి ఇవ్వండి. తక్కువ పడ్డవాటికి కొత్తవి కొనాలి. బేగంబజార్ హోల్‌సేల్‌లో నంబర్ల వారీగా తీసుకోవచ్చు, కానీ కొనేముందే "సరిపోనివి వారంలో మార్చిస్తారా" అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. మధ్య నంబర్లు, అంటే 11 నుంచి 1 దాకా, లెక్కకు మించి పదిహేను జతలు ఎక్కువ తీసుకోండి. ఎప్పుడూ అవే చాలవు. ఒకే తరగతిలో కొందరికి పాతవి, కొందరికి కొత్తవి ఇచ్చినా చిన్నబుచ్చుకుంటారు. పాతవి బాగుచేసినవి ఒక తరగతికి సరిపడా ఉంటే వాళ్లకు, లేకపోతే వాటిని ఇంటి దగ్గర వేసుకునే రెండో జతగా పెట్టండి.

ఆగస్టు 15 వద్దు. ఆ రోజు అతిథులుంటారు, మైకు ఉంటుంది, పిల్లలను పేరు పెట్టి పిలిచి స్టేజీ ఎక్కిస్తారు. బూటు తొడిగి చూసే తీరిక ఎవరికీ ఉండదు. అంతకు ముందు వారంలో మామూలు పనిదినాన, రోజుకో బడి పెట్టుకోండి. హెడ్మాస్టర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, ఒక కాపీ మండల విద్యాధికారి ఆఫీసులో ఇవ్వండి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ తల్లులను ఇద్దరు ముగ్గురిని పిలవండి. ఏ పిల్ల ఏ ఇంటిదో వాళ్లకు తెలుసు, మీకంటే వాళ్లతోనే ఎక్కువ ఉపయోగం.

ముందు రోజే ప్రతి జతను సుతిలితో కట్టి పేరు చీటీ పెట్టి, తరగతికో సంచిలో సర్దండి. చిన్నపిల్లల జత నాలుగు వందల గ్రాములనుకున్నా వంద జతలు నలభై కిలోలు, కాబట్టి హైదరాబాద్ నుంచి దేవరకొండ బస్టాండుకు ఆర్టీసీ కార్గోలో వేస్తే చాలు, ప్రత్యేకంగా బండి అక్కర్లేదు. ఇచ్చే రోజు ఒక్కో తరగతిని మాత్రమే వరండాలోకి పిలవండి. బకెట్టు నీళ్లు, తువ్వాలు పెట్టి ముందు కాళ్లు కడిగించండి. బురద కాలుతో తొడిగితే కొత్త సాక్సు అక్కడే పాడవుతుంది.

తొడిగాక "సరిపోయిందా?" అని అడగొద్దు. ఏ పిల్లా కాదనదు. కాదంటే వెనక్కి తీసుకుంటారని భయం. వేళ్లు ముడుచుకుని అయినా "సరిపోయింది సార్" అంటుంది. అందుకని మెట్లు ఎక్కి దిగమనండి, వరండా ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తమనండి. పది నిమిషాలు అయ్యాక బూటు విప్పి కాలు చూడండి. మడమ వెనక, చిటికెన వేలి పక్క, బొటనవేలి కొస, ఈ మూడు చోట్ల చర్మం కందిందా లేదా అన్నదే అసలు జవాబు. కందితే చేతిలో ఉన్న ఎక్స్‌ట్రా జతల్లోంచి అప్పుడే మార్చండి. మార్చడానికే అవి.

ఫోటోల గురించి. పిల్లల ముఖాలు వద్దు. దానం చేసినవాళ్లు అడుగుతారు, నాకు తెలుసు. వరండా బయట వరసగా విడిచిన నలభై జతల ఫోటో పంపండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. పాదం లోపలికి తిరిగి ఉన్న పిల్ల, కాళ్లు వంకర ఉన్న పిల్ల, బ్రేసు వేసుకునే పిల్ల కనబడితే దానం వచ్చిన బూటు తొడగకండి. మండలంలోని భవిత కేంద్రంలో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) ఫిజియోథెరపీ వాళ్లకు చూపించాకే ఏది వేయాలో వాళ్లు చెప్పినట్టు చేయాలి. మన జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్ల బాధ పడ్డ ఊళ్లలో పని చేసేవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి. అలాగే పాదాల మీద మానని పుండ్లు ఉంటే ముందు ఏఎన్ఎమ్‌కు చూపించండి. పుండు మీద బూటు బిగిస్తే లోపల చీము పడుతుంది. మట్టిలో ఉండే కొంకి పురుగు అరికాలి చర్మం గుండానే ఒంట్లోకి పోతుంది. చెప్పులు వేసుకున్నా, బడిలో ఇచ్చే అల్బెండజోల్ మాత్ర మానకూడదని తల్లులతో ఒక ముక్క చెప్పండి.

దిండి_వాగు:

సరే అక్కా, ఆగస్టు 15 మానేస్తున్నం. వచ్చే వారం మొదటి బడిలో కొలతలు తీస్తాం. చిన్నపిల్లలకు సాండిల్స్, నాలుగు ఐదు తరగతులకు బూట్లు. మిగిలిపోయే పెద్ద నంబర్లు, ఒంటరిగా మిగిలిన బూట్లు ఏం చేయాలి?

బడి_మెట్లు:

లోపలి పొడవు 24 దాటినవి పక్క ఊరి హైస్కూలుకు, అక్కడ కూడా కొలిచి. గురుకులాల్లో అయితే ముందు అడుగు, అక్కడ బూట్లు ఇస్తూ ఉంటే నీవి అనవసరం. ఒంటరివి, చచ్చిన సోళ్లవి విప్పి లేసులు, వెల్క్రో పట్టీలు, బకిళ్లు తీసి పెట్టుకో. రిపేర్లకు అవే కావాలి.

మంచి జతలు మిగిలితే వెనక్కి తేవద్దు. ఒక పాత ట్రంకు పెట్టెలో లోపలి పొడవు రాసిన చీటీలతో హెడ్మాస్టర్ గదిలో పెట్టు. చిన్నదైపోయిన జత తెచ్చి పెద్దది తీసుకుపోవచ్చని టీచర్లకు చెప్పు. బడి పేరు, పిల్ల పేరు బూటు బయట రాయొద్దు. నాలుక లోపలి వైపు పర్మనెంట్ మార్కర్‌తో రెండు అక్షరాలు రాస్తే గడప దగ్గర మారిపోవు.

ఇంకోటి, దసరా దాటాక కొన్ని కుటుంబాలు పనులకు వలస పోతాయి. పిల్లలు కూడా పోతే ఆ జత వాళ్లతోనే పోనీ, లిస్టులో గీత కొట్టి వెనక్కి అడగకండి. సంక్రాంతి సెలవుల తర్వాత మళ్లీ పోయి కొలువు. పిల్లల పాదం ఏడాదికి ఇంచుమించు సెంటీమీటరు పెరుగుతుంది, చిన్న తరగతుల్లో ఇంకొంచెం ఎక్కువ. లోపల 0.5 కంటే తక్కువ మిగిలినవాళ్ల పేర్లు రాసుకుని, ముందు ట్రంకు పెట్టెలో చూసి, దొరకనివాటికే కొత్తవి కొను.